అమ్మకు తినిపించే గంట

పొద్దున్నే పద్మశ్రీ తల్లిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి, రాగిజావ చెంచా నోటి దగ్గర పెట్టింది. అమృతమ్మ పెదవులు విప్పలేదు. కూతురి మొహంలోకి మర్యాదగా చూసి, "వద్దు మేడమ్, చేతుల పనున్నది," అంది.

యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో ముప్పై ఏళ్లు వండిన మనిషి ఆమె. మతిమరుపు జబ్బు పట్టి ఆరేళ్లయింది. మొదట వీధులు మరిచిపోయింది, తర్వాత పేర్లు, ఆ తర్వాత కన్నపిల్లలను. ఇప్పుడు మింగడం కూడా మరిచిపోతోంది. పొలమారి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే నెలలో రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ దేవేందర్, పొట్టలోకి గొట్టం వేసి దాని ద్వారా ఆహారం పంపే దారి కూడా ఉందని, ఇంట్లో మాట్లాడుకుని సోమవారం చెప్పమని అన్నాడు.

పద్మశ్రీ అదే యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఒక వైద్యం మీద దేశదేశాల్లో జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి, అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చి డాక్టర్లకు చెప్పడం ఆమె పని. తల్లి తార్నాకలో ఆమె దగ్గరే ఉంటుంది. తమ్ముడు భూపాల్ రైల్వేలో ఉద్యోగి, మల్కాజ్‌గిరిలో కాపురం. ఆదివారాలు వచ్చి తల్లి పాదాలు ఒత్తి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతాడు.

ఆ ఆదివారం కూడా వచ్చాడు. గొట్టం వద్దని చెబుదామనుకుంటున్నానని అక్క అనగానే అతని మొహం మారిపోయింది. ఆమె నెమ్మదిగా వివరించింది. ఈ జబ్బు ఇంత ముదిరాక గొట్టం వేసినా ఆయుష్షు పెరుగుతుందనడానికి ఆధారం లేదంది. పొలమారడం ఆగదని, పీకేసుకోకుండా చేతులు కట్టేయాల్సి రావచ్చని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని చెప్పింది. భూపాల్ చివరిదాకా వినలేదు.

"ఆకలైతున్నదని నోరు తెరిచి చెప్పలేని మనిషామె. నీ కాయితాలల్ల ఉన్నోళ్లెవ్వరు మన అమ్మ కాదు అక్కా."

అన్నం మానేద్దామని తను అనలేదని పద్మశ్రీ అంది. అతను ఇంకా రెచ్చిపోయాడు. వందలమందికి వండిపెట్టిన తల్లి కడుపు మాడి పోతే తను బతకలేనన్నాడు. చివరికి గొంతు తగ్గించి, "నువ్వు అలసిపోయినవ్. గా మాట ఒప్పుకో," అన్నాడు.

పద్మశ్రీ వెళ్లి తల్లి పక్కన కూర్చుంది.

"ఈ పదిరోజులు నేను ఏం వెతికిన్నో తెలుసా? గొట్టం పెడితే బతుకుతరని చెప్పే ఒక్క పేపర్ కోసం. అది తప్పుడు పరిశోధన అని తెలిసినా సరే, దాన్నే పట్టుకుందామనుకున్న. నా స్టూడెంట్ గట్ల చేస్తే ఫెయిల్ చేస్తా." ఆమె తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "దొరకలే తమ్మీ. నాకు కూడ అమ్మ కావాలె. ఒక్కసారి పద్మా అని పిలుస్తదని రోజూ ఎదురుచూస్తున్న."

వెళ్లేటప్పుడు భూపాల్, మర్నాడు డాక్టర్ దగ్గరికి తనూ వస్తానన్నాడు.

డాక్టర్ దేవేందర్ ఇద్దరి మాటా విన్నాడు. ఈ విషయంలో తిరుగులేని పరిశోధనలు తక్కువేనని, ఉన్నవన్నీ మాత్రం పద్మశ్రీ చెప్పినవైపే చూపిస్తున్నాయని అన్నాడు. తర్వాత భూపాల్ వైపు తిరిగాడు.

"పరిశోధన చాలామంది గురించి చెబుతుంది. మీ అమ్మగారి గురించి మీరే చెప్పాలి. ఆవిడ దేనికి ఊరుకుంటారు, దేనికి ఊరుకోరు?"

భూపాల్ ఆలోచించాడు. ఆసుపత్రిలో ముక్కులోంచి పైపు వేస్తే తల్లి రెండుసార్లు పీకేసుకుందని, చేతులు కట్టేస్తే రాత్రంతా ఏడ్చిందని చెప్పాడు. పక్కన ఎవరైనా చెయ్యి పట్టుకుని కూర్చుంటే మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తింటుందన్నాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు.

"గొట్టం వద్దు సార్," అన్నాడు.

చేత్తో తినిపించినంత మాత్రాన జబ్బు తగ్గదని, ఏదో ఒకరోజు ఆవిడ అదీ వద్దంటుందని, అప్పుడు బలవంతం చేయొద్దని డాక్టర్ చెప్పాడు. గడ్డం కాస్త కిందికి వంచాలని, చెంచా సగమే నింపాలని, మింగాకే మరో చెంచా పెట్టాలని నర్సు ఇద్దరికీ నేర్పింది.

మర్నాటి నుంచి భూపాల్ డ్యూటీకి వెళ్లేముందు తార్నాక వచ్చేవాడు. గిన్నెడు జావకు గంట పట్టేది. ఆ గంటలో పద్మశ్రీ స్నానం చేసి, క్లాసుకు తయారయ్యేది. కొన్నిసార్లు గుమ్మంలో నిలబడి చూసేది. తమ్ముడు ఒక చేత్తో తల్లి చెయ్యి పట్టుకుని, ఆమె గొంతుక కదలిక కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. అమృతమ్మ అతన్నీ గుర్తుపట్టలేదు. ఎవరో మంచిమనిషి అనుకుని నవ్వేది. పద్మశ్రీ ఎదురుచూసిన పిలుపు రానేలేదు.

అమృతమ్మ ఐదు నెలలు బతికింది. చివరి వారం చెంచా చూస్తే మొహం తిప్పుకుంది. వాళ్లు బలవంతం చేయలేదు, తడిగుడ్డతో పెదవులు తడిపారు. ఒక మధ్యాహ్నం కొడుకు చేతిలో చెయ్యి ఉండగానే నిద్రలో వెళ్లిపోయింది.

కర్మలన్నీ అయిపోయిన మర్నాడు పొద్దున పద్మశ్రీ తలుపు తీసేసరికి భూపాల్ గుమ్మంలో ఉన్నాడు. డ్యూటీకి బయల్దేరితే బండి ఇటే తిరిగిందని సిగ్గుపడుతూ అన్నాడు. ఆమె లోపలికి రమ్మని ఉప్మా పెట్టింది. అతను రెండు ముద్దలు తిని, ప్లేటు పక్కన పెట్టి, అక్క మొహంలోకి చూశాడు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగాడు.

"నువ్వు తిన్నవా అక్కా?"

తల్లి పోయిన రోజు కూడా ఏడవని పద్మశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భూపాల్ లేచి వంటింట్లోంచి ఇంకో ప్లేటు తెచ్చాడు.