బిగించకముందు గీసిన గీత

“పిచ్చుకా... ఒరేయ్ పిచ్చుకా...”

కారు కింద వెల్లకిలా పడుకున్న కుర్రాడి చేతిలో పానా ఆగిపోయింది. సన్నగా ఉండి, ఒక్కచోట నిలవకుండా గెంతుతుంటాడని చిన్నప్పుడు వాళ్ళక్క పెట్టిన పేరది. మీసాలొచ్చాయి, గొంతు మారింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మునుపైతే “వస్తున్నా” అని ఒక్క కేక వేసేవాడు. ఇప్పుడు వెంటనే పలకలేదు. మెల్లగా పక్కకి జరిగి, చక్రం సందులోంచి చూశాడు. వంటింట్లోంచి షెడ్డులోకి వచ్చే గుమ్మం దగ్గర అక్క పాదాలు కనపడ్డాయి. ఒక చెప్పు నీలం, ఒకటి ఆకుపచ్చ. అవి అక్కవే. అప్పుడు ఊపిరి పీల్చుకుని బయటికొచ్చాడు.

“చెవులు కూడా నూనెతో మూసుకుపోయాయా? టీ చల్లారిపోతోంది” అంది అక్క.

“విన్నాలే అక్కా.”

“వింటే పలకాలి. పలక్కపోతే విన్నావని నాకెలా తెలుస్తుంది?”

గ్లాసు అందుకున్నాడు. బయట వాన మొదలైంది. షెడ్డు రేకు షట్టరు సగం పైగా దించే ఉంది. దాని కింద నుంచి సాయంత్రపు వెలుగు పలచగా నేల మీద పరుచుకుంది. నూనె, రబ్బరు, తడిమట్టి వాసన కలిసిపోయి ఉంది. మధ్యలో చెక్క దిమ్మల మీద బావ కారు. ముదురు నీలం. తారురోడ్డు మీద వాన పడ్డాక వచ్చే రాత్రి రంగు అదే అనిపించేది అతనికి. వేగం కోసమే పుట్టిన కారు. నిలబడి ఉన్నా దూకబోతున్నట్టే ఉంటుంది.

“ఇవాళ అయిపోతుందా?” అంది అక్క. “రేపు పాపని ఇందులోనే బడికి దింపుతానని మాటిచ్చాను. స్నేహితురాళ్ళందరికీ చెప్పేసిందట, మా అమ్మ నడుపుతుందని.”

“ఎవరైనా మెకానిక్కుకి చూపించుంటే బాగుండేది.”

“నువ్వుండగా వాళ్ళెందుకు? మీ బావ ఏమనేవారు? మా బావమరిది బిగించాడంటే ఏనుగు లాగినా ఊడదు అనేవారు కాదూ?” అని చిన్నగా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. “నీ చెయ్యి మంచిదేరా. ఆయన కాలే మంచిది కాదు. ఆ మలుపులో మేమిద్దరం గుర్తొచ్చి ఉంటే కాలు కాస్త తీసేవారు.”

అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

కిందటేడు వంతెన దిగే మలుపులో కారు గోడకి కొట్టుకుని బావ పోయాడు. చూసినవాళ్ళంతా ఒకటే మాటన్నారు, స్పీడు అని. అక్క కూడా ఏడ్చినన్ని రోజులు ఏడ్చి, తర్వాత ఆయన ఫొటో గోడ మీంచి తీసి బీరువాలో చీరల అడుగున పెట్టేసింది. ఒకరోజు పాప అడిగింది, “నాన్నకి మనకంటే కారే ఇష్టమా?” అని. అక్క కాదనలేదు. పాప జడ అల్లుతూ ఊరుకుంది. ఆ గదిలోనే మూల కూర్చున్న పిచ్చుక తల దించుకుని చెప్పుల వైపు చూశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరి ముఖంలోకీ నిండుగా చూడలేదు.

అక్క లోపలికెళ్ళాక కారుని దిమ్మల మీంచి చక్రాల మీదికి దించి, మళ్ళీ కిందికి దూరాడు.

కారుని నేలకి దగ్గరగా దించే కొత్త స్ప్రింగులు, షాకబ్జర్లు అప్పుడు కూడా ఈ షెడ్డులోనే బిగించారు, బావా తనూ. ప్రమాదంలో అవి పాడైపోయాయి. నుజ్జయిన రేకంతా బయట బాగు చేయించారు. బావ అదనంగా కొనిపెట్టుకున్న ఇంకో జత ఇప్పుడు ఎక్కిస్తున్నాడు. ఈ పనిలో ఒక పద్ధతుంది. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు కింది బోల్టుల్ని చేత్తో తిప్పి వదిలెయ్యాలి. అప్పుడే గట్టిగా బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి చినిగిపోతుంది. కారు బరువంతా చక్రాల మీదికి దిగాక, మళ్ళీ కిందికి దూరి, కొలత పానాతో బిగించాలి. సరిపడా బిగిసిందంటే ఆ పానా ‘టక్’ మంటుంది. టక్ మన్నాక బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి తెల్ల పెయింటు పెన్నుతో ఒక గీత గియ్యాలి. గీత ఉంటే బిగిసినట్టు. బావ పెట్టిన పద్ధతి అది. ఇంకెవరూ పానా పెట్టి చూడక్కర్లేదు, గీత చూస్తే చాలు.

కిందటేడు బిగించిన ఆ రోజు పెన్ను చేతిలోనే ఉంది. చక్రాలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. మళ్ళీ పెన్ను వెతుక్కోవడం ఎందుకని, ముందే అన్నిటికీ గీతలు గీసేశాడు. గీత చివర కొంచెం వంకర తిప్పడం అతనికి అలవాటు, పిచ్చుక తోకలాగా. తర్వాత కారు దించాడు. పానా తీసుకున్నాడు.

అప్పుడే అక్క పిలిచింది. లేచి వెళ్ళాడు. అంతే.

ఏడాదిగా తనకి తాను అలాగే చెప్పుకుంటున్నాడు. అక్క పిలిచింది, లేచి వెళ్ళాను, అంతే అని. చెప్పుకోగా చెప్పుకోగా ఆ పిలుపు చెవిలో నిజంగానే వినపడసాగింది. పిచ్చుకా... అని, చివర కొంచెం సాగదీసి. ఏ కారు కిందికి దూరినా వినపడేది. అందుకే పలికేముందు పాదాలు చూసుకోవడం నేర్చుకున్నాడు.

ఉన్నట్టుండి కరెంటు పోయింది.

షట్టరు కింది వెలుగు కూడా చాలావరకు పోయింది. వాన రేకు మీద ఒకటే మోత. టార్చి వెలిగించి ఎడమవైపు ముందు చక్రం దగ్గరికి జరిగాడు. కారు దించి అయిదు నిమిషాలైనా కాలేదు. బోల్టులన్నీ ఇంకా చేత్తో తిప్పినవే. ఈసారి ఒక్కొక్కటీ ఒకటికి రెండుసార్లు బిగించాలని, గీత మాత్రం ఒక్కటి కూడా గియ్యకూడదని ముందే అనుకున్నాడు. అసలు ఆ పెయింటు పెన్ను ఇంట్లోనే లేదు. ప్రమాదం జరిగిన మర్నాడే మురిక్కాలవలో పారేశాడు.

పానా ఎత్తాడు. బోల్టు మీద టార్చి వేశాడు.

తెల్ల గీత.

బోల్టు తల మీంచి ఇనుము మీదికి... సూటిగా... చివర చిన్న వంకర.

వేలు పెట్టాడు. తడిగా అంటింది.

పెయింటు వాసన అప్పుడు తెలిసింది. ఇందాక ఆ వాసన లేదు. ఘాటుగా, తియ్యగా, ముక్కు వెనకాల పట్టుకునే వాసన. కుడివైపు బోల్టు మీద టార్చి వేశాడు. అక్కడా గీత. వెనక చక్రాల వైపు వేశాడు... అక్కడా. అన్నిటికీ ఆ పిచ్చుక తోక.

వేళ్ళతో బోల్టు పట్టుకుని తిప్పి చూశాడు. వదులుగా తిరిగింది. గీత రెండుగా విడిపోయింది.

కిర్... కిర్...

కారు అవతలి పక్క నుంచి. ఎవరో పానా తిప్పుతున్న చప్పుడు. ఆగి ఆగి, తీరిగ్గా. కిర్... కిర్... టక్ మనడం కోసం ఎదురు చూశాడు. టక్ మనలేదు. తిరుగుతూనే ఉంది.

“అక్కా?” అన్నాడు. తన గొంతు తనకే వినపడలేదు.

“పిచ్చుకా...”

అక్క గొంతే. కానీ వంటింటి వైపు నుంచి కాదు. షట్టరు వైపు నుంచి, వాన వైపు నుంచి వచ్చింది. టార్చి అటు తిప్పాడు. షట్టరు కింద సందులో తడి నేల... అంతే. పాదాల్లేవు.

కిర్... కిర్...

ఇప్పుడు తలకి దగ్గరగా.

“పిచ్చుకా...” చక్రం వెనకనుంచి, గుసగుసగా. ఊపిరి చెంపకి తగిలేంత దగ్గరగా. “బిగిసిందా?”

ఆ మాట అక్క ఎప్పుడూ అనలేదు. అక్కకి అసలు అలా అడుగుతారని కూడా తెలీదు. కారు బయటికి తీసేముందు బావ అడిగే మాట అది. ఆ రోజు కూడా అడిగాడు. టార్చి వేసి వరసగా గీతలు చూసి, “శభాష్ మేస్త్రీ, బిగిసిందా?” అన్నాడు...

వీపు గీరుకుపోతున్నా పట్టించుకోలేదు. చొక్కా ఎక్కడో పట్టుకుని చిరిగింది. పాక్కుంటూ, దేక్కుంటూ బయటపడి వంటింట్లోకి పరిగెత్తాడు.

కొవ్వొత్తి వెలుగులో అక్క పీట మీద కూర్చుని పాపకి జడ వేస్తోంది. నోట్లో రబ్బరు బ్యాండు. పైనుంచి కింది దాకా చూసి, బ్యాండు తీసి, “ఏమిట్రా ఆ అవతారం? కారు బిగించావా, కారే నిన్ను బిగించిందా?” అంది.

పాప కిలకిలా నవ్వింది.

“నువ్వు పిలిచావా?”

“ఎప్పుడు? టీ తాగేటప్పుడు పిలిచాను. అంతే.”

గుమ్మాన్ని పట్టుకుని నిలబడ్డాడు. చెప్పెయ్యాలనిపించింది. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్నది ఇప్పుడు దానంతటదే పైకొస్తోంది. కానీ నోరు తెరిస్తే వచ్చింది మాత్రం, తను రోజూ చెప్పుకునే మాటే.

“ఆ రోజు... బావ వెళ్ళిన రోజు... నువ్వు పిలిచావక్కా. నేను బోల్టులు బిగించబోతున్నాను. నువ్వు పిలిస్తే లేచి వచ్చేశాను. తర్వాత... మర్చిపోయాను.”

అక్క చేతుల్లో జడ ఆగిపోయింది.

కొవ్వొత్తి చిటపటలాడింది. “బిగించలేదా?” అంది చివరికి.

“...లేదు.”

“మరి ఆయన... స్పీడు...”

అతను తల అడ్డంగా ఊపాడు. అక్క ముఖంలో ఏడాదిగా గడ్డకట్టి ఉన్నదేదో కదలడం చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. ఆవిడ మాత్రం తన గొంతు మీద చెయ్యి వేసుకుంది.

“నేను పిలిచానా...” అంది మెల్లగా. “ఆ రోజు... అవును. పిలిచినట్టే ఉంది. టీ పెట్టుంటాను. నేనే పిలిచుంటాను. ఎప్పుడూ ఊరికే పిలుస్తూనే ఉంటానుగా నిన్ను...”

జరగనిదాన్ని గుర్తు చేసుకుంటోంది. అతని కళ్ళ ముందే, ఒక్కొక్క మాటగా, ఆ తప్పుని ఎత్తి తన నెత్తిన పెట్టుకుంటోంది. ఇన్నాళ్ళూ బావ మోశాడు. ఇప్పుడు అక్క. ఎవరికిచ్చినా తీసుకుంటున్నారు, కాదనకుండా. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. భయం కంటే ఆ సిగ్గే భరించలేకపోయాడు.

“పిచ్చుకా...”

షెడ్డులోంచి.

అక్క పెదాలు కదల్లేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. ఆవిడా వింది.

పాప తల తిప్పి షెడ్డు గుమ్మం వైపు చూసింది. తర్వాత అమ్మ వైపు చూసింది. “అమ్మా, షెడ్డులో కూడా నువ్వున్నావా?”



చీకట్లోంచి ఏదో దొర్లుతూ వస్తున్న చప్పుడైంది. ఇనుము నేల మీద దొర్లే చప్పుడు. గుమ్మం దాటింది... వంటింటి నేల మీద ఒక చుట్టు తిరిగింది... ఆకుపచ్చ చెప్పుకి తగిలి ఆగింది.

బోల్టు. ఒళ్ళంతా తుప్పు. ఏడాది వానలో నానినట్టుంది. ప్రమాదం తర్వాత అతను ఎంత వెతికినా దొరకనిది ఒక్కటే, ఎడమవైపు ముందు చక్రం కింది బోల్టు. దాని తల మీద తెల్ల గీత మాత్రం ఇప్పుడే గీసినట్టు మెరుస్తోంది.

అక్క వంగి తీసింది. బొటనవేలితో గీతని రుద్దింది. వేలు తెల్లబడింది.

“ఈ గీత ఎవరిదిరా?”

అతను అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఏడాదిలో మొదటిసారి ఆవిడ ముఖంలోకి నిండుగా చూశాడు.

“నాది. బిగించకముందే గీశాను. నువ్వు పిలవలేదక్కా. కారు దించాక కొత్త ఎత్తులో ఎంత అందంగా ఉందో... సాయంత్రం ఎండ దాని మీద పడుతోంది. పానా కింద పెట్టేసి ఫొటోలు తీసుకుంటూ గేటు దాకా వెళ్ళిపోయాను. ఎంతసేపు తీశానో నాకే తెలీదు. బావొచ్చి గీతలు చూసి, బిగిసిందా అని అడిగారు. నాకు అనుమానం వచ్చింది, బిగించానా లేదా అని. ఒక్క నిమిషం ఆగండి, మళ్ళీ చూస్తాను అంటే చాలు. అలా అనడానికి సిగ్గేసింది. మేస్త్రీ అన్నారుగా నన్ను. బిగిసింది అనేశాను. బావ మెల్లగా వెళ్ళినా ఊడిపోయేదే. ఆయన తప్పు లేదు. నీ తప్పూ లేదు. ఆ రోజు ఎవరూ పిలవలేదు. నన్ను ఎవరూ పిలవలేదక్కా.”

వాన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది.

అక్క పాపని దగ్గరికి లాక్కుని, రెండు చేతులతో దాని చెవులు మూసింది. పెదాలు బిగపట్టే ఉన్నాయి.

షెడ్డులోంచి, నిదానంగా, ఎంతో ప్రేమగా, ఆవిడ గొంతే బదులిచ్చింది.

“పిలిచానురా... పిచ్చుకా.”