అల లేని గండి

పగడపు దిబ్బ మీద అల విరిగిన చోటల్లా నీళ్ళు ఒడ్డు వైపు వస్తాయి. అలా వచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ సముద్రంలోకి పోవడానికి దిబ్బ మధ్యలో ఒకటే దారి, గండి. అక్కడ అల ఉండదు, నురగ ఉండదు. నంగనాచిలా ఉంటుంది. మనుషులు కొట్టుకుపోయేది అక్కడే. పదకొండేళ్ళుగా ప్రవాహాలు కొలుస్తున్న ఆమెకి ఇదంతా కంఠతా వచ్చు.

పడవ ఆమె అన్నయ్యది. నీళ్ళ అడుగున పరికరాలు బిగించే పని ఆమె మొగుడిది. నడుముకి నీలం తాడు కట్టుకుని దిగేవాడు. రెండో కొస అన్నయ్య పట్టుకునేవాడు. మూడుసార్లు లాగితే పైకి లాగాలని గుర్తు.

"దిబ్బ బయట, అలల్లో తాడు తెగిపోయిందమ్మా," అన్నాడు అన్నయ్య, ఏడాది కిందట ఒంటరిగా తిరిగొచ్చి. తండ్రిలా పెంచినవాడు. ఆ మాట ఆమెకి వేదవాక్కు. శవం దొరకలేదు. అయినా రోజూ ఒడ్డంతా వెతుకుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం గండిలో ఆరు పసుపు బెండ్లు వదిలి, అవి కొట్టుకుపోయే వేగం రాయాలి. ఏడాదిగా ఏదో ఒక వంక పెట్టి గండికి రాని అన్నయ్య, ఇవాళ తప్పించుకోలేక వచ్చి లంగరు వేశాడు. నీళ్ళ వైపు మాత్రం చూడలేదు.

బెండ్లు ఒకదాని వెనక ఒకటి సముద్రంలోకి దూసుకుపోయాయి. వేగం రాస్తున్న ఆమె పెన్సిలు ఆగిపోయింది. దిబ్బ బయట అలల్లో పోయిన మనిషిని నీళ్ళు ఒడ్డుకి తేవాలి కదా! ఇంత చిన్న సంగతి ఏడాదిపాటు ఎందుకు తట్టలేదు? చెప్పింది అన్నయ్య కాబట్టి.

"అన్నయ్యా... ఆయన దిగింది ఇక్కడే కదూ?"

పడవ కింద నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఎక్కడినుంచో కుళ్ళిన నాచు వాసన...

ఆరో బెండు వెనక్కి వస్తోంది.

ప్రవాహానికి ఎదురుగా. మెల్లగా... పడవ అంచుకి తగిలింది. టక్. వదిలినప్పుడు దానికి తాడు లేదు. ఇప్పుడు నీలం తాడు ఉంది. దాని ముడి ఆమె మొగుడిది, ఎడమచేతివాటం ముడి. మిగతా తాడు నీళ్ళలోకి దిగి ఉంది. ఆమె పట్టుకుంది.

కిందనుంచి ఏదో లాగింది. ఒకటి... రెండు... మూడు.

"వదిలెయ్యమ్మా," గుసగుసగా అన్నాడు అన్నయ్య. "ఆ రోజూ ఇలాగే లాగాడు. అప్పుడు లంగరు జారిపోతోంది... నేనూ పోయేవాణ్ణి. నాకు పిల్లలున్నారే..."

అతని చేతిలో అప్పటికే కత్తి ఉంది.

ఏడాదిగా నమ్మించి, తడిగుడ్డతో గొంతు కోశాడు. భయం కన్నా ముందు ఆమెకి ఏడుపొచ్చింది. ఏడాదిపాటు ఆ చేత్తోనే ఆమెకి అన్నం కలిపి పెట్టాడు.

తాడు వదల్లేదు. బారలు బారలుగా పైకి లాగింది. తేలిగ్గా వచ్చేసింది. కొసకి ఏమీ లేదు. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

"చూశావా? ఏం లేదు," అన్నాడు అన్నయ్య ఊపిరి పీల్చుకుంటూ.

ఆ కొస ఇద్దరి కళ్ళ ముందే పడవ చెక్క మీద పడి ఉంది. ఆమె గుప్పిట్లో తాడు మళ్ళీ బిగిసింది.

ఒకటి...

రెండు...

అన్నయ్య కత్తి ఎత్తాడు. ఎక్కడ కొయ్యాలో అతనికి తెలియలేదు.