తెరవని ఉత్తరానికి జవాబు

కట్టెల కొట్టంలో ఓస్మో బోర్లా పడి ఉన్నాడు. ఆవిరిగది పొయ్యికి కట్టెలు చీల్చే గొడ్డలి. ఇంకా పుర్రెలోనే దిగబడి ఉంది.

ఫిన్లాండ్‌లోని తాంపెరె ఊరు. శనివారం ఉదయం 11.50.

పక్కన తూలిక్కి. మోచేతుల దాకా నెత్తురు.

"లేపుదామని పట్టుకున్నా," అంది.

ఇన్‌స్పెక్టర్ హెల్వి రుస్కో ఆ చేతుల వైపు చూసింది. ఈ మాట ఆమె చాలామంది హంతకుల నోట విన్నదే.

ఓస్మో, తూలిక్కి, రేయో. ముగ్గురూ కలిసి చెత్త మెయిళ్లను ఏరి స్పామ్ అనే మూలకు తోసే ప్రోగ్రామ్, ఒక స్పామ్ ఫిల్టర్ రాసి, ఎవరైనా వాడుకోండని లోకానికి వదిలేశారు. తమ మెయిళ్లు కూడా ఆ జల్లెడలోంచే రావాలని వాళ్ల పట్టు. తగువల్లా ఒక్కటే. ఏది చెత్తో చెప్పే జాబితా వాళ్లది కాదు, డెన్మార్క్‌లో ఒక ముసలాయనది. దాన్ని ఫిల్టర్‌కి అతికించింది రేయో. పన్నెండేళ్ల చాకిరి. పరాయి సరుకు మనకొద్దు, పీకేద్దామంటాడు ఓస్మో.

ప్రాణం పోయింది తొమ్మిదికీ పదికీ మధ్య అన్నాడు డాక్టర్.

12.30కి రేయో దిగాడు.

"పొద్దున ఎక్కడున్నారు?"

"రెండున్నర గంటల దూరంలో, సరస్సు దగ్గర నా గుడిసెలో. 9.42కి ఓస్మో మెయిల్ పెట్టాడు. తూలిక్కి గొడ్డలి పట్టుకుని అరుస్తోందని. చదివి, 9.43కి జవాబిచ్చా. దాన్ని రెచ్చగొట్టకు, వస్తున్నా అని."

కానిస్టేబుల్ తూలిక్కి చేతులకు బేడీలు వేశాడు.

"నేను వచ్చిందే పదకొండుంబావుకి," అంది ఆమె. "ఆ ముసలాయన పొద్దున ఎనిమిదికి జాబితా మూసేశాడు. మూసేసిన జాబితా దేన్ని చూపించినా చెత్తే అంటుంది. కాపలావాడు కొలువు మానేస్తూ, ఊరంతా దొంగలేనని కేకేసి పోయినట్టు. ఎనిమిది నుంచీ మా ముగ్గురికీ వచ్చినవన్నీ స్పామ్‌లోకే పోతున్నాయి. ఓస్మో ఫోనెత్తలేదు. నీ మాటే నెగ్గిందిరా అని చెబుదామని వచ్చా."

"ఏడుపు బాగానే నేర్చావు," అన్నాడు రేయో.

హెల్వి చెయ్యి చాపింది. "ఫోన్ ఇలా ఇవ్వండి."

ఇన్‌బాక్స్‌లో ఓస్మో మెయిల్ లేదు.

"చెరిపేసి ఉంటాను."

ఆమె స్పామ్ తెరిచింది. ఉంది. 9.42. పేరు లావు నల్లటి అక్షరాల్లో. ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

"తెరవని ఉత్తరానికి నిమిషంలో జవాబిచ్చావు. అందులో ఏముందో నీకెలా తెలుసు, రేయో?"

రేయో ఫోన్ వెనక్కి లాక్కోబోయాడు.

"నేను చెబుతా. రాసింది నువ్వే. ఓస్మో చచ్చాక, అతని కంప్యూటర్ మీద. వచ్చిందో లేదో చూసుకునే తీరిక లేదు. చేతులు కడుక్కోవాలి కదా."

రేయో గొడ్డలి వైపు చూశాడు.

"మధ్యాహ్నానికి ఆ జాబితా తీసేస్తానన్నాడు," అన్నాడు. "పన్నెండేళ్ల పనిని. కట్టె చీలుస్తూ చెప్పాడు. నా మొహం వైపు కూడా చూడలేదు. మొదటి దెబ్బకి మోకాళ్ల మీద పడ్డాడు. అప్పుడు చూశాడు."

కానిస్టేబుల్ తూలిక్కి బేడీలు విప్పాడు. వాటికి నెత్తురు అంటుకుని ఉంది. వాటినే రేయోకి వేశాడు.

"నిన్ననే ఓస్మో మాట విని ఆ జాబితా తీసేసి ఉంటే, ఈ మెయిల్ నేరుగా ఇన్‌బాక్స్‌లో పడేది," అంది హెల్వి. "నువ్వు తెరిచి నాకు చూపించేవాడివి. నేను నమ్మేదాన్ని."