పిట్ట ముట్టని దినాలు

చలికాలం వచ్చిందంటే ఖతర్ల ఉన్న మనోళ్లకు తల్లిగారింటికి పోయినంత సంబురం. ఎండకాలమంత ఎండ నెత్తి మీద కూసోని మెదడు ఉడుకబెడ్తది. అసొంటిది నవంబర్ల ఒక పొద్దుగాల తలుపు తీస్తే సల్లగాలి మొఖానికి తాకుతది సూడుండ్రి, ఇగ ఆనాడు క్యాంపుల ఎవని మొఖం సూసినా నవ్వే. సూట్‌కేసు అడుగున పడ్డ స్వెటర్లు బయటికొస్తయ్. చాయ్ కాడ గుంపులైతరు. "ఈ యేడు గూడ గట్టెక్కినమే" అని ఒగని వీపు ఒగడు సరుస్తడు. చలి మనది, ఎండ కంపెనీది అంటుండె రాజనర్సు.

అసొంటి రాజనర్సు చలికాలంలనే సచ్చిపోయిండు. ఎండలన్నీ ఎల్లదీసినోడు మొదటి చలికే పోయిండు. నమ్మినోడే గొంతు కోసినట్టయింది అందరికి.

రాజనర్సు, తిరుమల్ ఇద్దరిదీ జగిత్యాల దిక్కు ఒక్కటే ఊరు. తోడబుట్టకున్నా తోడబుట్టినట్టే ఉంటుండె. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వస్తున్నదని ఖతర్ అంత తవ్వి పోస్తున్న రోజులవి. అల్ వుకైర్ అవుతల ఒక మాల్ లేస్తున్నది, దాంట్ల ఒక మంచు హాలు. ఎడారిల మంచు కురిపిస్తరట, పిల్లలు ఆడుకుంటరట. ఉన్నోళ్లు ఏం జేసినా అందమే! సలి బయటికి పోకుంట ఆ హాలు గోడలకు మందపు పలకలు బిగించేది, సందులల్ల నురుగు కొట్టేది వీళ్లిద్దరి పని. ఫోర్‌మెన్ గంగాప్రసాద్. ఆయన తిరుమల్‌కు సొంత బావ, అక్క విజయరాణి మొగడు. ఇద్దరికీ వీసాలు తెచ్చిందీ ఆయనే. బావ మాటంటే తిరుమల్‌కు వేదం.

ఒక శుక్రవారం తిరుమల్ సరుకులకు నజ్మా బజారుకు పోయిండు. మాపటికి తిరిగొచ్చేసరికి రూముల రాజనర్సు తన మంచం మీద పండుకొని ఉన్నడు, మొఖం మీదికి దుప్పటి కప్పి ఉంది. "పగటీలి తిని పండుకున్నడు బామ్మర్దీ, నిద్రలనే పానం పోయింది" అని బావ మెడ పట్టుకొని ఏడ్సిండు. తిరుమల్ కంటె బావే ఎక్కువ ఏడ్సిండు. కాళ్లు ముట్టుకుంటే ఐసుగడ్డలు. పీనుగ కాళ్లు అట్లనే ఉంటయేమో అనుకున్నడు తిరుమల్. గుండె ఆగి సచ్చిండని కాయితం రాసిచ్చిండ్రు. గుండె ఆగకుంట ఎవడు సస్తడు, మీరే చెప్పుండ్రి!

శవం ఊరికి పోయింది, కాలబెట్టిండ్రు. అసలు కష్టం అక్కడ మొదలైంది.

మన దిక్కు సచ్చినోనికి ఇష్టమైనయన్ని వండి, ఇస్తారాకుల పెట్టి, పిట్టకు పెడ్తరు. కాకి ముడితే పోయినోడు సల్లగ పోయినట్టు. ముట్టకపోతే మనసుల ఏదో మిగిలినట్టు. రాజనర్సుకు మూడొద్దులకు ముట్టలే. ఐదొద్దులకు ముట్టలే. ఇగ ఊరు ఊకుంటదా? అందరి చేతి ఏళ్లూ పెండ్లాం గంగామణి దిక్కే సూపెట్టినయ్. సచ్చే ముందటి రాత్రి ఆ పిల్ల ఫోన్ల మొగనితోని కొట్లాడింది, పాపం. ఏ ఇంట్ల లేని కొట్లాట అది? అత్త చిన్నవ్వ మాత్రం మొఖం మీదనే అన్నది: "నీ మాటకే నా కొడుకు గుండె పలిగింది." దినాల నాడు గూడ పిట్ట ముట్టకపోతే గంగామణి ఆ ఊర్ల తలెత్తుకొని బతుకుడు కష్టం.

సరిగ్గ ఆ దినాల నాడే మంచు హాల్ల మొదటి మంచు వడ్డది.

బయట పొద్దున్నుంచే మబ్బు. సముద్రం దిక్కు నుంచి ఈదరగాలి. లోపల కప్పుకు బిగించిన మిషన్లు గుర్రుమన్నయ్, సన్నటి తెల్లపొడి మెల్లమెల్లగ దిగుడు మొదలుపెట్టింది. ఆ సంబురం సూడాలె! నేపాలోళ్లు ఇంటికాడి కొండలు యాదికొచ్చి కండ్లు తుడుసుకున్నరు. మనోళ్లు నాలికలు బయటవెట్టి రుచి సూసిండ్రు. హైద్రాబాద్ ఎలక్ట్రీషన్ రఫీయుద్దీన్ మఫ్లర్ సుట్టుకొని "అరె మియా, జన్నత్! సర్గమే!" అని ఎగిరిండు. జరసేపటికే పండ్లు టకటక కొట్టుకోవట్టినయ్. "నక్కో రే బాబా, ఇది జన్నత్ గాదు, ఫ్రిజ్" అని బయటికి ఉరికిండు.

అందరు నవ్విండ్రు. తిరుమల్‌కు నవ్వు రాలే. రాజనర్సు ఈ మంచు కోసం చిన్నపిల్లగాని లెక్క ఎదురుసూసిండు. బిడ్డకు వీడియో తీసి పంపుత అని మాటిచ్చిండు. ఇప్పుడు అది పడుతుంటే తిరుమల్‌కు దాని మీద పేమా రాలే, కోపమూ రాలే.

బువ్వ టైముకు అందరు ఎల్లిపోయిండ్రు. మిషన్లు మాత్రం బంద్ చెయ్యలే. హాలుకు ఒక్కటే తలుపు. లోపలి దిక్కు పిడి ఇంకా పెట్టలేదని, మూసుకుపోకుంట అడ్డంగ ఒక చెక్కముక్క పెట్టిండ్రు. తిరుమల్ ఒక్కడే హాలు నడుమ నిలవడ్డడు. కొత్త నురుగు వాసన. మిషన్ల గుర్రు. మంచు.

ఫోన్ మోగింది. గంగామణి, వీడియో కాల్.

"తిరుమలా..." గొంతు పీక్కపోయి ఉంది. ఫోను తిప్పి సూపెట్టింది. వాగు ఒడ్డు, ఇస్తారాకు, దాంట్ల మటన్, గారెలు, కల్లు ముంత. సుట్టూర జనం. కరెంటు తీగ మీద కాకులు వరుసగ. "ఇంకా ముడ్తలేదు. పిల్లలను సూసుకుంటమని అందరు మొక్కిండ్రు. నేను గూడ కాళ్లు మొక్కిన, కొట్లాడిన, తప్పయిందని... పొద్దు వాలుతున్నది. నువ్వు ఆడ ఆయన పక్క మంచం మీద ఉన్నోనివి. ఆయన మనసుల ఏముండెనో నువ్వన్న చెప్పు."

"మంచు వదినే" అన్నడు తిరుమల్. "మంచు సూడాలని ఉండె." ఫోను పైకెత్తి హాలంత తిప్పిండు. "నర్సన్నా, సూడే. వడ్డదే. నీ బిడ్డకు సూపెట్టిన. ఇగ ముట్టు అన్నా."

తీగ మీది నుంచి ఒక కాకి దిగింది. అక్కడ జనమంత ఊపిరి బిగపట్టిండ్రు. కాకి ఇస్తారాకు సుట్టు ఒక తిరుగుడు తిరిగింది. మెడ వంచింది... ఆగింది. గంగామణి చేతిల ఉన్న ఫోను దిక్కు సూసింది. ఎగిరిపోయి మళ్ల తీగ మీదనే కూసుంది.

"అయ్యో" అన్నది గంగామణి. ఎనుక నుంచి చిన్నవ్వ శాపనార్థాలు మొదలువెట్టింది.

అప్పుడు తిరుమల్ ముక్కుకు బీడీ వాసన తగిలింది.

హాల్ల ఎవలూ లేరు. లైటర్లు గేటు కాడనే గుంజుకుంటరు. వాసన మాత్రం ముక్కు పుటాలల్ల కొడుతున్నది, ఊర్ల గంగామణి సుట్టి పంపితే నర్సన్న తాగే బీడీల వాసన. తిరుమల్ మెల్లగ ఎనుకకు తిరిగిండు.

తలుపు పక్కన, గోడ మొదట్ల... మంచు నేల మీద పడుతలేదు.

ముందుగాల సమజ్ కాలే. అక్కడ గాలిలనే మంచు ఆగుతున్నది. మోకాలెత్తున రెండు గుండ్రటి కుప్పలు. వాటికి పైన అటొకటి ఇటొకటి, భుజాల తీరు. నడుమ వంగిన నెత్తి. మంచు పడ్డకొద్ది మనిషి తేలుతున్నడు. మోకాళ్లు కడుపులకు ముడుసుకొని కూసున్నడు. ఒక చెయ్యి తలుపు మీద ఆనించి ఉన్నది. ఏళ్లు గూడ ఏర్పడ్డయ్.

తిరుమల్ ఒక అడుగు ఎనుకకు ఏసిండు. బయటికి పోదామంటే తలుపు అక్కడనే ఉంది.

"తిరుమలా" ఫోన్ల గంగామణి గుసగుసగ అన్నది. "నీ కాడ ఆయన గొంతు ఇనవడ్తున్నది..."

"నాకు ఇనవడ్తలేదు వదినే."

"నాకు ఇనవడ్తున్నది. ఆయన గొంతు నేను ఎరుగనా..." ఆమె ఫోను చెవికి ఆనిచ్చుకున్నది. "'గంగన్నా, తలుపు తియ్యే' అంటుండు. 'సలివెడ్తున్నదే, తలుపు తియ్యే'... అదే మాట. మళ్ల అదే మాట..."

తలుపు సప్పుడైంది. గంగాప్రసాద్ లోపలికొచ్చిండు. మంచు మనిషిని రాసుకుంటనే వచ్చిండు గని సూడలే.

"ఏంది బామ్మర్దీ, బువ్వకు రావా? సలికి బిగుసుకుపోతవ్‌రా."

తిరుమల్ ఫోను కిందికి దించిండు. కట్ చెయ్యలే. "బావా, నర్సన్న ఏడ సచ్చిండు?"

"ఏడేంది, రూముల—"

తిరుమల్ ఏలు ఎత్తి సూపెట్టిండు. గంగాప్రసాద్ మెడ తిప్పిండు. మోకాళ్ల మీద మంచుల కూలవడ్డడు. గప్పుడే తిరుమల్‌కు అంత సమజైంది. ఇగ అడుగుడు గూడ అవసరం లేకుండె.

"అరగంట అనుకున్నరా" అన్నడు బావ. "ఆనాడు సెలవైనా నర్సయ్యను పనికి పిలిసిన. సల్ల మిషన్లు నడుస్తుంటే పెద్ద సార్లు చెకింగ్‌కు వచ్చిండ్రు. సలికోట్లు లేకుంట మనోళ్లు లోపలుంటే నా నౌకరీ పోతది. నర్సయ్యను మూలకు కూసోమన్న, సప్పుడు చెయ్యకన్న, తలుపేసిన. సార్లు నన్ను తోల్కపోయిండ్రు. బిర్యానీ తిన్నం... యాది మరిసిన. మాపటికి తీస్తే... గీడనే ఉండె. గిట్లనే ఉండె. నేను, మేనేజరు, ఇద్దరం రూముకు మోసినం."

"నా మెడ పట్టుకొని ఏడ్సినవ్ గద బావా."

"ఏడుపు నిజమేరా!"

"నీకంటె ఆ ఎండలే నయం. సంపుతమని చెప్పి సంపుతయ్." తిరుమల్ కండ్లల్ల నీళ్లు సల్లగై మండుతున్నయ్. బావను తోడబుట్టినోని లెక్క నమ్మిండు. వీసా తెచ్చిన చెయ్యి అని రెండు చేతులు ఎత్తి మొక్కిండు. ఆ చెయ్యే తలుపేసింది, ఆ చెయ్యే దుప్పటి కప్పింది.

గంగాప్రసాద్ కాళ్లు పట్టుకున్నడు. "మీ అక్క పుస్తెల మీద ఒట్టురా. బయటికి పొక్కితే నన్ను జైల్ల ఏస్తరు. అక్క మొఖం సూడు. సచ్చినోడు ఎట్లాగూ రాడు గదరా..."

అక్క మొఖం కండ్ల ముందటికి రానే వచ్చింది. గని తలుపు మీద ఆ చెయ్యి అట్లనే ఉంది, ఇంకా ఎవలో తీస్తరని. ఫోను మొఖం కాడికి ఎత్తిండు.

"వదినే, అందరు ఇనేటట్టు పట్టు. నర్సన్న నిద్రల సావలే. మా బావ ఈ హాల్ల పెట్టి తలుపేసి మరిసిపోయిండు. సలికి బిగుసుకొని సచ్చిండు. నీ మాటకు గాదు, నీ కొట్లాటకు గాదు. మా బావ సంపిండు."

తీగ మీది కాకి దిగింది. తిరుగలే, ఆగలే. నేరుగొచ్చి గారె మీద ముక్కు పెట్టింది.

"ముట్టింది! ముట్టిందే!" అని అరుపులు, ఏడుపులు. చిన్నవ్వ కోడల్ని కావలిచ్చుకున్నట్టున్నది, ఫోన్ల చీరలే కనవడుతున్నయ్. ఇక్కడ తలుపు కాడి మంచు మనిషి ఒక్కపారి పొలపొల రాలి కిందవడ్డడు. ఉత్త మంచుకుప్ప. బీడీ వాసన పోయింది.

తిరుమల్ ఊపిరి ఇడిసిండు.

గంగాప్రసాద్ ఇడువలే. వాని కండ్లు ఇంకా గోడెంబడి పోతున్నయ్.

కుప్పకు అవుతల గూడ మంచు నేల మీద పడుతలేదు. అక్కడ రెండు మోకాళ్లు... వంగిన నెత్తి. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. గోడ పొడుగుత, లైట్లు అందని చివరి దాక, వరుసగ... ఒగన్ని ఆనుకొని ఒగడు.

"ఎంతమందిని పెట్టినవ్ బావా?"

"ఒక్కడేరా... నీ తోడు... ఒక్కడే..."

అన్ని దొంగమాటలు చెప్పినోడు ఈ మాట నిజం చెప్పిండో ఏమో, దేవునికెరుక. గని వరుసల మొదటోని భుజాల మీది మంచు జారింది. వాడు లేస్తుండు. పక్కోడు గూడ. మెల్లగ... మోకాళ్ల మీద చేతులు పెట్టి, పనికి లేసేటోళ్ల లెక్క.

గంగాప్రసాద్ కుయ్యిమని అరిసి ఉరికిండు. "బావా, ఆగు! బావా..." తిరుమల్ కాలు జారింది. లేసేసరికి చెక్కముక్క ఎగిరి లోపలవడ్డది. తలుపు మూసుకుంది. బయట గడె పడ్డ సప్పుడు.

ఆ మనిషి రెండోపారి తలుపేసిండు.

తిరుమల్ తలుపు మీద రెండు చేతులతోని గుద్దిండు. లోపల పిడి లేదు. ఎనుక సూడ బుద్ధి కాలే. మిషన్లు గుర్రుమంటనే ఉన్నయ్.

"తిరుమలా..." ఫోను ఇంకా బతికే ఉంది. గంగామణి జనం నుంచి పక్కకు వచ్చినట్టుంది, గొంతు మళ్ల గుసగుసలకు వచ్చింది. "పిట్ట ముట్టింది గద... మరి ఇంకా ఎవలు మాట్లాడుతుండ్రు నీ కాడ?"

"ఎవలు వదినే? నాకు మిషన్ సప్పుడే ఇనవడ్తున్నది."

"ఎరుకలేదు. శానమంది. ఏవేవో భాషలు... మన భాష గూడ ఉంది. ఏడుస్తలేరు, తిడ్తలేరు... ఒక్కొక్కలు వాళ్ల ఊరి పేరు చెప్తుండ్రు. అంతే."

తిరుమల్ మెడ మీద మంచు పడ్డది. కరుగలే.

"మనూరి పేరు... ఎవలన్న చెప్పిండ్రా వదినే?"

వాగు ఒడ్డున కాకులు అరుసుడు ఇనవడ్డది.

"చెప్పిండ్రు" అన్నది గంగామణి. "ఇద్దరు. రెండో గొంతు... నీ తీరుగనే ఉంది."