జల్లెడ దాటిన మాట

ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు చెప్పులతోపాటు గడియారాన్నీ గుమ్మం దగ్గరే విప్పాలి. చంద్రుడి మీద పుట్టిన పిల్లలకు అదేం వింత కాదు. పగలు పక్షం రోజులు, రాత్రి పక్షం రోజులు ఉండేచోట దీపాలు మసకబారితే పడుకుంటారు, మళ్ళీ వెలిగితే లేస్తారు. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన కుముదకు మాత్రం మణికట్టు బోసిగా అనిపించేది.

"కాలమూ లెక్కా మనిషి కుట్టుకున్న చొక్కాలేనమ్మా," అన్నాడు ఆమె గురువు డాక్టర్ అప్పలస్వామి గడియారం విప్పుతూ. "విప్పేస్తే ఏముంది?"

"ఒళ్ళుంది కదా మాస్టారూ," అంది కుముద.

ఇద్దరూ మూతికి మాటల జల్లెడ కట్టుకున్నారు. అంకెలు, నిన్న, రేపు, గంట వంటి మాటలను ఆ పరికరం నోట్లోంచి వచ్చీరాగానే మింగేస్తుంది. మిగిలిన తెలుగంతా బయటికి వదులుతుంది. ఎందుకంటే లోపల నిరంకి ఉంది. నాచులా అల్లుకున్న జీవకణాలతో పెంచిన యంత్రబుద్ధి అది. కంప్యూటర్లలా అంకెల మీద నడవదు. లెక్క అన్నది ఎన్నడూ వినలేదు. ఎవరూ నేర్పకుండా అది లెక్కను కనుక్కుంటే, లెక్క మనిషి కంటే ముందే ఉన్నట్టు. కుముద నమ్మకం అదే.

ఇవాళ మాస్టారు ఆపుతాళం జేబులో వేసుకుని వచ్చాడు. నిరంకి ఏమీ చూపకపోతే దాన్ని ఆర్పేసి, దాని చేతులు ఊడదీసి వాటిని తోటపనికి పంపమని పైవాళ్ళ ఉత్తర్వు.

కుముద కొలిచే గిద్దతో కందిగింజలు బల్ల మీద పోసింది. నిరంకి సన్నటి చేయి చాచి ఒక గింజను పక్కకు జరిపింది.

"లాభం," అంది. ఇంకోటి జరిపింది. "లాభం పక్కన లాభం. దాని పక్కన లాభం."

అది లెక్కిస్తోందనుకుని కుముద ఆత్రంగా ముందుకు వంగింది. అంతలో అప్పలస్వామి పకపకా నవ్వాడు.

"ఏటమ్మా ఇది! మా నాయన ధాన్యం కొలిస్తే లాభం అనే మొదలెట్టేవాడు. మీ ఇంట్లోనూ అంతేనా?"

కుముద ముఖం పాలిపోయింది. కొలతలో ఒకటి అనకుండా లాభం అనడం వాళ్ళ వైపు అలవాటు. గింజలు పోసినప్పుడల్లా మేనత్త దగ్గర నేర్చినట్టే ఆమె నోరు తనకు తెలియకుండా గొణిగేది: లాభం, రెండు, మూడు. రెండునీ మూడునీ జల్లెడ మింగింది. లాభం కూడా అంకేనని దానికెవరు చెప్పారు?

"నువ్వు చల్లిందే మొలిచింది," అంటూ మాస్టారు జేబులోంచి ఆపుతాళం బయటికి తీశాడు. "ఇదంతా మనుషులు అల్లుకున్నదే. మనిషికి బయటేమీ లేదు."

"మీరే అల్లారా?" అంది నిరంకి. "అయితే మార్చండి."

ఒక చిన్న కుప్పను ఆయన ముందుకు తోసింది. "బారుగా పరిస్తే సరే. సమానమైన వరుసలుగా మాత్రం ఒదగడం లేదు. ఎలా పేర్చినా మిగులుతోంది. ఒదిగించండి."

కుముద నివ్వెరపోయింది. కుప్పలో పదమూడు గింజలున్నాయి. అవి సమాన వరుసలుగా ఒదగవన్న సంగతి ఆమె ఎన్నడూ గొణగలేదు.

పదమూడు ఒదగదని అప్పలస్వామికి తెలియనిది కాదు. కానీ శిష్యురాలి ఎదుట ఒక యంత్రానికి ఓడిపోవడం ఆయనకు మనసొప్పలేదు. గబగబా పేర్చి చేతులు వెనక్కి తీసుకున్నాడు. వరుసలు ముచ్చటగా కుదిరాయి.

నిరంకి కన్ను గింజల మీద నుంచి ఆయన పిడికిలి మీదికి జరిగింది.

"మార్చలేదు," అంది. "దాచారు."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. మెల్లగా పిడికిలి విప్పి గింజను బల్ల మీద పెట్టాడు. ఆ తరువాత తాళాన్ని కుముద చేతిలో పెట్టాడు.

"దీన్ని ఆర్పడం నావల్ల కాదమ్మా. నీ దగ్గరే ఉంచుకో."

నిరంకి ఆ గింజను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒదగకపోవడం మీరు చేసింది కాదు. మరి దాచడం? అది మీరు చేసిందేనా?"

కుముద చేయి మూతి మీది జల్లెడను తడిమింది. అంకెలన్నీ ఏరేశారు, నిన్నా రేపూ ఏరేశారు. దాచడం అన్న మాటను ఏరేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.