ఎడమచేతి కీబోర్డు

"ఆ అమ్మాయిని పట్టుకో. వీలు కాకపోతే కాల్చెయ్," అన్నాడు అచ్యుతరావు, టీలో బిస్కెట్ ముంచుకుంటూ.

2007 ఆగస్టు. రామగుండంలో ఒక గెస్ట్‌హౌస్. మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలు. అచ్యుతరావు ఇంటెలిజెన్స్‌లో సౌత్ డెస్క్ చీఫ్. మనుషుల చావుబతుకుల ముచ్చట్లన్నీ టీ తాగుతూనే తేల్చేయడం ఆయన అలవాటు. ఎదురుగా నిలబడ్డ భూపాల్ ఆయన ఏజెంటు. అయితే గోదావరిఖనిలో భూపాల్ అన్న పేరు ఎవరికీ తెలియదు. అక్కడ అతను సదానందం. రెండేళ్లుగా చౌరస్తాలో 'మీ ఇష్టం కంప్యూటర్స్' నడుపుతున్న మర్యాదస్తుడు.

అచ్యుతరావు ఫైలు తెరిచాడు. టార్గెట్ సుహాసిని, ఇరవై ఎనిమిదేళ్లు, గనుల యంత్రాలకు స్పేర్ పార్టులమ్మే ఒక విదేశీ కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్. ఆ కంపెనీ బోర్డు మీదే కంపెనీ. లోపలున్నది బాంబులు పెట్టే ముఠా.

"ఆమె మన మనిషేనయ్యా. నేనే అందులో పెట్టాను. నువ్వెవరో ఆమెకు తెలుసు. ఆమెవరో నీకు తెలియకూడదు, అదీ ఏర్పాటు. పదకొండు వారాల కింద మాయమైంది. అటు దూకేసిందన్నమాట."

పదకొండు వారాలని భూపాల్‌కి ఒకరు లెక్క చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి షాపులోకి రెండు టీలు తెప్పించడం, ఏడింటికి రెండోది పారబోయడం, అన్ని రోజులుగా జరుగుతున్నదే. రోజూ షాపుకొచ్చి తనతో టీ తాగే సుహాసిని చెప్పకుండా పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందేమో అనుకున్నాడు. అంతకంటే చెడ్డది ఊహించడం చేతకాలేదు.

"ఇవి చూడు," అని చీఫ్ కొన్ని కాగితాలు తోశాడు. ముఠా పంపే మెయిల్స్ శాఖ దొంగతనంగా చదువుతోంది. ఆమె మాయమైన దగ్గర్నుంచి ప్రతి మెయిల్ చివరా నాలుగైదు వరుసల పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. ముఠావాళ్లు వైరస్ అనుకుని వదిలేశారు. ఢిల్లీలోని కోడ్ నిపుణులు మాత్రం ఉర్దూ అనుకుని ఆరు వారాలు, చైనా భాష అనుకుని అయిదు వారాలు కుస్తీ పట్టారు. తెలుగు అయివుంటుందని ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు.

భూపాల్‌కి చూసీ చూడగానే తట్టింది. ప్రతి ముక్కా అవే గుర్తులతో మొదలవుతోంది. అవి కలిస్తే 'ఏమండీ'. ఆ సంకేతాన్ని తయారుచేసింది అతనే.

కాగితాలు జేబులో కుక్కుకుని, మోటార్‌సైకిల్‌ని చంపేటంత వేగంగా గోదావరిఖనికి తోలాడు.

షాపు అసలు పని జనం కంప్యూటర్లు సెట్ చేసే వంకతో ముఠా జాడ తీయడం. కానీ వంక కోసం పెట్టిన పనిమీదే భూపాల్‌కి ప్రాణం. యంత్రం అందరికీ ఒకటే వస్తుంది, మనుషులేమో ఒకరిలా ఒకరు ఉండరు, మధ్యలో సర్దిపెట్టేవాడు ఒకడుండాలి అనేవాడు. మెస్సు నడిపే సారవ్వకు చత్వారం. ఆమె స్క్రీన్ మీద అక్షరాలు అరచేయంత చేసిపెట్టాడు. గనిలో డంపర్ లారీ తోలి తోలి చెవులు పోగొట్టుకున్న నర్సింగానికి ఫోన్ మోగితే బల్బు వెలిగే ఏర్పాటు చేశాడు. బావా అని పిలుస్తూ వచ్చేవాళ్లు, కాకా అని పిలిపించుకుంటూ వచ్చేవాళ్లు, ఎవరి అవసరం వాళ్లది.

సుహాసిని చలువ కళ్లద్దాలతో స్కూటీ దిగితే చౌరస్తాలో ఆటోవాళ్లు హారన్ కొట్టడం మరిచిపోయేవాళ్లు. ఆమె కుడిచేతి వేళ్లు రెండు వంగవు, చిన్నప్పటి ప్రమాదం. రేడియోలో విన్న పాత పాటల పల్లవులన్నీ కంప్యూటర్లో తెలుగులో ఎక్కించుకోవాలని ఆమె సరదా. నాలుగు వేల పాటలు, ఒక్క ఎడమచెయ్యి. అందుకని భూపాల్ ఆమె కోసమే ఒక కీబోర్డు అమరిక రాశాడు. ఎక్కువగా వచ్చే అక్షరాలన్నీ ఎడమచేతి కిందికి తెచ్చాడు. బొటనవేలు వాలేచోట దీర్ఘం కావాలని ఆమె అడిగితే అక్కడే పెట్టాడు. రెండు రోజుల పనిని పంతొమ్మిది రోజులు సాగదీశాడు, ఆమె రోజూ వస్తుంది కదా అని. ప్రపంచంలో ఆ అమరిక ఉన్నవి రెండే యంత్రాలు, ఆమెదీ అతనిదీ; ఇంకే యంత్రంలోనైనా అది పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగానే కనిపిస్తుంది.

వారం వారం చీఫ్‌కి పంపే రిపోర్టులో సారవ్వ అక్షరాల సంగతి రాశాడు, నర్సింగం బల్బు సంగతి రాశాడు. ఈ కీబోర్డు సంగతి రాయలేదు.

షాపు షట్టర్ సగం దించి, ఆ పిచ్చి అక్షరాలను ఒక్కొక్కటే తన యంత్రంలో కొట్టాడు. తెర మీద తెలుగు విచ్చుకుంది. మొదటిది పదకొండు వారాల నాటిది.

"ఏమండీ. నన్ను కదలనివ్వడం లేదు. కాపలా ఉంది, మెయిల్స్ మాత్రం నా చేతే కొట్టిస్తున్నారు. ఈ కీబోర్డు సంగతి మీరు రిపోర్టులో రాసే ఉంటారు కదా, అందుకని ఇది తప్పకుండా మీ దగ్గరికే వస్తుంది. వంతెన పక్క పాత పంప్‌హౌస్. వచ్చి తీసుకెళ్లండి."

భూపాల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె దూకలేదు. ఆమె పిలుస్తోంది, పదకొండు వారాలుగా, తననే నమ్ముకుని. కాపాడడానికి కావలసిన తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని తాను టీలు పారబోస్తూ కూర్చున్నాడు. గుండె పగలడమంటే మాట వరసకు అంటారనుకునేవాడు ఇన్నాళ్లూ.

ఆఖరిది నిన్నటిది. "రేపు మధ్యాహ్నం రెండింటి బ్లాస్టింగ్‌తో పాటే రైలు వంతెన పేలుతుంది. టైమర్ నా లాప్‌టాప్‌లోనే ఉంది, నా కీబోర్డుతోనే. ఆపే మాటగా మీ అసలు పేరు పెట్టాను; అది మొదలయ్యాక నన్ను ముట్టనివ్వరు. తొందరగా రండి, నా మీద అనుమానం వచ్చింది."

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూ రెండింటికి సైరన్ మోగుతుంది, బండ పేలుతుంది, ఊళ్లో కిటికీలు గలగలమంటాయి, అన్నం తినేవాళ్లు తలెత్తరు. ఆ మోతలో ఇంకో మోత కలిస్తే ఎవరికీ పట్టదు. ముఠా ఎత్తు అదీ. అప్పటికి టైం ఒంటిగంట ఇరవై. చీఫ్‌కి ఫోన్ చేశాడు. బాంబు స్క్వాడ్ కరీంనగర్ నుంచి రావాలి, గంటన్నర. వంతెన మీదికి రావలసిన ప్యాసింజర్ పెద్దపల్లి దాటేసింది, ఇటు స్టేషన్ల ఫోన్లు పలకడం లేదు.

వంతెన దారిలో ఎర్రజెండాలు అడ్డం. బ్లాస్టింగ్ అయ్యేదాకా పురుగును కూడా పోనివ్వరు. జెండా పట్టుకున్నది నర్సింగమే. చెవులు పోయాక కంపెనీ అతనికిచ్చిన డ్యూటీ అది. చెప్పినా వినపడదు, చెప్పే వ్యవధీ లేదు. భూపాల్ చేతులు జోడించాడు. నర్సింగం అతని ముఖంలోకి ఒక నిమిషం చూశాడు.

"గా మట్టిబాట పట్టు సదానందమన్నా, వంతెన కాడ తేలుతవు. జల్ది పో. నేనైతే నిన్ను చూడలే."

పంప్‌హౌస్ చేరేసరికి ఒంటిగంట యాభై తొమ్మిది. తలుపు బార్లా తీసి ఉంది. ముఠా మనుషులు ఎప్పుడో జారుకున్నారు. టేబుల్ మీద లాప్‌టాప్, దాన్నుంచి వంతెన వైపు పోతున్న వైరు. టేబుల్‌కీ తలుపుకీ మధ్య నేల మీద సుహాసిని. ఆమెను వాళ్లు తీసుకెళ్లలేదు, కాల్చి వదిలేశారు.

ఆమెను దాటితే తప్ప కీబోర్డు అందదు. భూపాల్ దాటాడు. జీవితంలో అంత కష్టమైన అడుగు మళ్లీ వెయ్యలేదు.

తెర మీద నలభై ఒక్క సెకన్లు. అలవాటు కొద్దీ రెండు చేతులూ కీల మీదికి పోయాయి. తప్పు. ఇంకొక్క అవకాశమే ఉందని తెర చెప్పింది. కుడిచేతిని వెనక్కి మడిచి నడుముకు అదుముకున్నాడు. ఎడమచేత్తో, ఆమె కొట్టినట్టు, ఒక్కో అక్షరం. 'భూ' దీర్ఘానికి బొటనవేలు. 'పా' దీర్ఘానికి మళ్లీ బొటనవేలు. రెండు సెకన్ల దగ్గర అంకెలు ఆగిపోయాయి.

సైరన్ మోగింది. గనిలో బండ పేలింది. నెత్తిమీద వంతెన ఒక్కసారి అదిరి, మామూలైంది. దాని మీద నుంచి ప్యాసింజర్ తాపీగా వెళ్లిపోయింది. భూపాల్ నేల మీద కూర్చుని, ఆ వంగని వేళ్లున్న చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అది ఇంకా చల్లబడలేదు.

మూడింటికి అచ్యుతరావు వచ్చాడు. ముఠావాళ్లు పెద్దపల్లి స్టేషన్లో దొరికారని చెప్పాడు. డాక్టర్ చూసి, పన్నెండున్నర ప్రాంతంలో ప్రాణం పోయి ఉంటుందన్నాడు. చీఫ్ రెండో కప్పు టీ పోసుకున్న వేళ అన్నమాట. ఆయన కాగితాలన్నీ చదివి, చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఈ కీబోర్డు నీ రిపోర్టులో ఎందుకు లేదయ్యా?"

"సిగ్గయింది సార్," అన్నాడు భూపాల్. "రాస్తే మీరు నవ్వుతరనుకున్న."

అచ్యుతరావు నవ్వలేదు. భూపాల్ మాత్రం అప్పుడు ఏడ్చాడు, డాక్టరూ కానిస్టేబుళ్లూ చూస్తున్నారన్న ఎరుక కూడా లేకుండా.

ఆ అమరికను పంపించమని, శాఖ మొత్తానికీ వాడకంలోకి తెస్తామని ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. సీడీలో పంపాడు. ఆరు వారాలకు సీడీ తిరిగొచ్చింది, మీద నిపుణుల సంతకాలతో ఒక చీటీ: 'పరీక్షించాం. ఒక్క మనిషికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు.'

ఇరవై ఏళ్ల సర్వీసులో భూపాల్ ఢిల్లీతో ఏకీభవించింది ఆ ఒక్కసారే.