ఇంటి మాట, పుస్తకం మాట

జూలై వాన సబ్బవరాన్ని తడిపి ముద్ద చేస్తున్న రోజున జ్యోతిర్మయి తన మొదటి శిక్షణ తరగతి మొదలుపెట్టింది.

ఒకటీ రెండూ తరగతుల పిల్లలకి చదవడం, రాయడం, చిన్న చిన్న లెక్కలు గట్టిగా వచ్చేలా టీచర్లకి శిక్షణ ఏర్పాటు చేయడం ఆమె ఉద్యోగం. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మూడు మండలాలకి కోఆర్డినేటర్. వైజాగ్ సీతమ్మధార నుంచి స్కూటీ మీద వచ్చింది. డిక్కీ నిండా బొమ్మల కార్డులు, గుండె నిండా భయం.

భయం ఎందుకంటే, హైస్కూలు హాల్లో కూర్చున్న యాభై ఎనిమిది మంది టీచర్లలో సగం మందికి ఆమె వయసంత సర్వీసు ఉంది. కొందరు పేపరు చదువుకుంటున్నారు. ఒకాయన నిద్రపోతున్నాడు.

ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఒకతను తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో హెల్మెట్, అందులోంచి కారుతున్న నీళ్లు.

"బండి మొరాయించిందండీ," అన్నాడు.

"మీ పేరు?"

"వరహాలు."

వయసు ముప్పై కూడా ఉండదు. పేరు మాత్రం వాళ్ల తాతగారిదే అయ్యుంటుంది. జ్యోతిర్మయి నవ్వు ఆపుకుని వెనక బెంచీ చూపించింది.

చేప బొమ్మ ఉన్న కార్డు పైకెత్తి, "దీనితో 'చ' అక్షరం ఎలా పరిచయం చేస్తారు?" అని అడిగింది. ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక బెంచీలోంచి వరహాలే లేచాడు.

"నానైతే ముందు పిల్లల్నే అడుగుతానండి, ఇదేటి అని. ఆళ్లు సేప అంటారు. అక్కడ్నుంచి..."

"ఒక్క నిమిషం మాస్టారూ. మనమే 'ఇదేటి', 'సేప' అంటుంటే పిల్లలకి 'చ' ఎక్కడ దొరుకుతుంది? ముందు మన నోరు సరిచేసుకుందాం. ఇదేమిటి. చేప."

హాలు ఘొల్లుమంది. నిద్రపోతున్నాయన కూడా లేచి నవ్వాడు. పొద్దుటి నుంచీ మొదటిసారిగా అందరూ ఆమె వైపు చూశారు. జ్యోతిర్మయి కూడా నవ్వింది. ఆ క్షణం ఆమెకి బాగానే అనిపించింది.

"అలాగే మేడమ్," అని వరహాలు కూర్చున్నాడు.

శిక్షణ జరిగిన ఆ ఆరు రోజుల్లో అతను మళ్లీ నోరు విప్పలేదు. ఏమడిగినా తల ఊపాడు. చివరి రోజు అభిప్రాయాల కాగితంలో అందరూ అరపేజీ చొప్పున పొగిడారు. వరహాలు రెండే మాటలు రాశాడు: ఉప్మా బాగుంది.

ఆమె నవ్వుకుంది. స్కూటీ మీద ఇంటికి వెళుతుంటే మాత్రం ఆ రెండు మాటలూ ఎక్కడో గుచ్చుకున్నాయి.

*

ఆగస్టులో బడుల సందర్శన. వరహాలు బడి సబ్బవరం దాటి పన్నెండు కిలోమీటర్లు, జీడితోటల మధ్య. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. హెడ్‌మాస్టర్ జగ్గయ్యగారు కుర్చీ వేయబోతే వద్దని, చప్పుడు చేయకుండా రెండో తరగతి గుమ్మం దగ్గర నిలబడింది.

బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు 'మన ఇంటి మాట', కుడివైపు 'మన పుస్తకం మాట'. ఎడమవైపు సేప, నాను, ఏటి. కుడివైపు చేప, నేను, ఏమిటి. పిల్లలు ఇంట్లో అనేది ముందు చెబుతున్నారు. వరహాలు అది ఉన్నదున్నట్టు ఎడమవైపు రాస్తున్నాడు. తర్వాత పుస్తకం తెరిచి, అదే మాట పుస్తకంలో ఎలా ఉందో పిల్లలే వెతికి పట్టుకుంటున్నారు. దొరికినప్పుడల్లా దొంగని పట్టుకున్నంత గోల.

తర్వాత లెక్కలు. పదేసి జీడిపిక్కలు గుడ్డపీలికల్లో మూటలు కట్టి ఉన్నాయి. ముప్పై రెండులోంచి అయిదు తీసేయాలంటే ఒక మూట విప్పక తప్పదని ఏడేళ్ల పిల్ల ఒకతి పక్కవాడికి విసుగ్గా వివరిస్తోంది.

ఆ పిల్ల పేరు సాయిదుర్గ. ఒకటో తరగతి ఏడాదంతా బడిలో ఒక్క మాట మాట్లాడలేదట. మూగపిల్ల అనుకున్నామని జగ్గయ్యగారు మెల్లగా చెప్పారు.

"తప్పు మాటాడితే కొడతారనుకుందండి," అన్నారాయన. "ఈయనొచ్చి ఆ పిల్ల మాట బోర్డు మీద రాశాడు. ఆ రోజు నుంచీ ఆగితే ఒట్టు."

జ్యోతిర్మయి నేల మీద పిల్లల మధ్య కూర్చుంది. "నీ పేరేమిటమ్మా? నీకు ఏ కథ ఇష్టం?"

సాయిదుర్గ ఆమెని తేరిపార చూసి వరహాలు వైపు తిరిగింది. "సారూ, ఈ మేడం పుస్తకం మాట మాటాడతన్నారు." మళ్లీ ఆమె వైపు తిరిగి, చాలా జాలిగా అడిగింది: "మీకు ఇంటి మాట నేదా?"

వరహాలు గబుక్కున కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు.

జ్యోతిర్మయి బోర్డు మీద ఎడమవైపు మాటలు ఒక్కొక్కటే మళ్లీ చదివింది.

బయటికొచ్చాక, "మాస్టారూ, ఆ రోజు మీరు చెప్పబోయింది ఇదేనా?" అంది.

"ఇదేనండి."

"వచ్చే నెల రెండో విడత శిక్షణ ఉంది. ఈ పాఠం మీరే చెప్పాలి."

వరహాలు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "పిల్లల ముందైతే ఎంతసేపైనా సెప్తాను మేడమ్. ఆ మైకు ముందు నా మాట పనికిరాదు. నవ్వుతారు."

అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె ఏదో ఒకటి అనగలిగేది.

*

ఆ సాయంత్రం భోజనాల దగ్గర తండ్రిని అడిగింది. "నాన్నా, మీ చిన్నప్పుడు మన ఊళ్లో కూడా 'ఏటి' అనేవాళ్లా?"

భీమశంకరరావు కంచంలోంచి తల ఎత్తలేదు. ముప్పై నాలుగేళ్లు షిప్పింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో పిల్లల మాట కాస్త జారినా ఊరుకునేవారు కాదు.

"ఉద్యోగంలో చేరిన మొదటి రోజు," అన్నారు చివరికి, "ఆఫీసరు ఏదో పని చెబితే 'నాను సేత్తానండి' అన్నాను. ఆ ఏడాదంతా నన్ను 'నానుగారూ' అని పిలిచారు. అటెండరు కూడా. అందుకే ఆ మాట మీకు అంటనివ్వలేదు."

జ్యోతిర్మయి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. ఆ ఆఫీసరు ఎలా నవ్వి ఉంటాడో ఆమె ఊహించుకోనక్కర్లేదు. ఆ నవ్వు తానే నవ్వింది, జూలైలో, యాభై ఎనిమిది మంది ముందు.

*

సెప్టెంబరులో అదే హాలు, అదే మైకు. వరహాలు వెనక బెంచీలోనే ఉన్నాడు.

"పోయినసారి ఈ హాల్లో నేను ఒక మాస్టారి మాట సరిదిద్దాను," అని మొదలుపెట్టింది జ్యోతిర్మయి. "మీరందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన బడికి వెళ్లాను. నేను మూడు నెలలు పుస్తకాలు తిరగేసి తయారుచేసిన పాఠం కంటే మంచి పాఠం ఆయన బోర్డు మీద ఉంది. ఇంట్లో మాట్లాడే మాట తప్పని చెబితే పిల్లలు నోరు మూసేసుకుంటారు. నేను ఆ రోజు ఒక పెద్దమనిషి నోరు మూయించాను. తప్పు నాది."

పేరు చెప్పలేదు. రమ్మని పిలవలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి పక్కకి జరిగింది.

వెనక బెంచీ కిర్రుమంది. వరహాలు నడుచుకుంటూ ముందుకొచ్చి, మైకు పక్కకి జరిపి, బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశాడు.

"నాను సెప్పేది మీకందరికీ తెలిసిందేనండి," అన్నాడు. "మనందరం ఇళ్లల్లో ఇలాగే మాటాడతాం గదా."

గంటసేపు ఎవరూ పేపరు తెరవలేదు. చివర్లో, జూలైలో నిద్రపోయిన ఆయన లేచి, తన బడిలో కూడా మాట్లాడని పిల్ల ఒకతి ఉందని చెప్పి, ఏం చేయాలో అడిగాడు.

జ్యోతిర్మయి గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. ఈ మనిషికి మనసులో చోటు అప్పటికే ఇచ్చేశానని ఆ గంటలోనే ఆమెకి అర్థమైంది.

*

ఆ తర్వాత జీడితోటల దారి స్కూటీకి అలవాటైపోయింది.

"ఈ నెల్లో మా బడికి ఇది నాలుగో తనిఖీ అండి," అన్నాడు వరహాలు ఒక రోజు. "మిగతా బడుల వాళ్లు ఏటనుకుంటారు?"

"మీ బడిలో లోపాలెక్కువ. అందుకే."

"ఏటవి?"

"మాస్టారికి టీ పెట్టడం రాదు."

తర్వాతి తనిఖీ నుంచి టీలో అల్లం పడింది. 'మేడమ్' కాస్తా 'జ్యోతిగారు' అయింది. జూన్‌లో పద్నాలుగు మందిలో ముగ్గురే వాక్యం చదవగలిగిన రెండో తరగతిలో నవంబరుకి పది మంది చదువుతున్నారు. ఆ సంగతి ఫోన్లో చెప్పేటప్పుడు వరహాలు గొంతు వినడానికే ఆమె అదే ప్రశ్న రెండుసార్లు అడిగేది.

ఉన్నట్టుండి ఆ ఫోన్లు ఆగిపోయాయి. మెసేజ్ పెడితే 'ఓకే మేడమ్' అని జవాబు. మళ్లీ మేడమ్. వారం రోజులు చూసింది. ఉండబట్టలేక జగ్గయ్యగారికి ఫోన్ చేసింది.

"మీకు విజయవాడలో పెద్ద పోస్టు వచ్చింది, ఎల్లిపోతన్నారని మండలాఫీసులో విని వరహాలుకి సెప్పానండి," అన్నారాయన. "కప్పు అక్కడే పెట్టేసి బయటికెళ్లిపోయాడు. ఈ రోజు బండి బాగుచేయించుకోడానికి ఆటోనగర్ ఎల్లాడు."

ఆరోజు తుఫాను వాన. గాజువాక దగ్గర రోడ్డేదో కాలవేదో తెలియడం లేదు. రెయిన్‌కోటు వేసుకుని జ్యోతిర్మయి ఆటోనగర్‌లో మూడు సందులు తిరిగి, చివరికి వరహాలు బండిని గుర్తుపట్టింది. ఇంజను విప్పి నేల మీద పరిచి ఉంది. షెడ్డు లోపల అతని స్నేహితుడు, మెకానిక్ గవర్రాజు గొంతు గట్టిగా వినిపిస్తోంది.

"ఆవిడ ఎల్లిపోతంటే నువ్విలా నా షెడ్డులో కూకుని టీలు తాగితే ఏటవుద్ది బావా? సెప్పేసేవా, నేదా?"

"ఏటి సెప్పమంటావు బావా. ఆవిడ పెద్ద పని మీద ఎల్తంది. నాను అడ్డమెలాగ పడతాను?"

"అడగకుండానే అడ్డమని ఎలా తేల్చేశారు మాస్టారూ?" అంది జ్యోతిర్మయి గుమ్మంలోంచి.

వరహాలు టీ గ్లాసుతోనే లేచి నిలబడ్డాడు. గవర్రాజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, స్పార్క్ ప్లగ్గు కొనాలని గుర్తొచ్చి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయాడు.

"ఆ పోస్టు నాలుగు నెలలే," అంది ఆమె రెయిన్‌కోటు విప్పుతూ. "జనవరి నుంచి ఏప్రిల్ దాకా."

"నాలుగు నెల్లా?"

"అడిగుంటే చెప్పేదాన్ని. ఇంటి మాటతో చదువు ఎలా మొదలుపెట్టాలో టీచర్లకి ఒక పుస్తకం రాయాలి. మీ పద్ధతే. మీ పేరు ఉంటేనే రాస్తానన్నాను. మిమ్మల్ని కూడా డెప్యుటేషన్ మీద రమ్మంటున్నారు."

వరహాలు గ్లాసు కింద పెట్టాడు. రేకుల మీద వాన దరువేస్తోంది.

"రాలేనండి," అన్నాడు. "ఇంకా నలుగురున్నారు, వాక్యం దగ్గర ఆగిపోయినోళ్లు. మధ్యలో ఒదిలేసి రాలేను."

"తెలుసు. అక్కడా అదే చెప్పాను. ఆయన రారని."

"కోపం రాలేదా?"

"ఒప్పుకుని ఉంటే వచ్చేది."

అతను తల ఎత్తి చూశాడు. గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇంకోటి సెప్పాలండి. మంచి మాటల్లో సెప్పడం నాకు రాదు."

"మీకొచ్చినట్టే చెప్పండి."

"మీరు రాని రోజు పిల్లలంతా ఉన్నా బడి ఎలితిగా ఉంటంది. నాకే అనుకున్నాను. సాయిదుర్గ కూడా అడుగుతంది, మేడం ఏరీ అని. దానికేటి సెప్పాలో తెలీక రెండో ఎక్కం అప్పజెప్పమంటన్నాను. మీరు నాతో ఉండిపోతే బావుణ్ణు జ్యోతిగారూ. అదీ నా మాట."

జ్యోతిర్మయి కళ్లు తుడుచుకుంది. "పాపం, ఆ పిల్ల చేత ఎక్కాలు మానిపించండి. వస్తున్నానని చెప్పండి."

*

ఆదివారం వరహాలు తన తల్లి రామలక్ష్మమ్మని వెంటబెట్టుకుని సీతమ్మధార వచ్చాడు. రామలక్ష్మమ్మ ఒక సంచి జీడిపప్పు జ్యోతిర్మయి తల్లి చేతిలో పెట్టి సోఫా అంచున కూర్చుంది.

భీమశంకరరావు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆ ఊరు దూరం కదా బాబూ. వైజాగ్‌కి బదిలీ పెట్టుకోకూడదూ?"

జ్యోతిర్మయి వరహాలు వైపు చూసింది.

"ఇప్పుడున్న పిల్లలు అయిదో తరగతి దాటేదాకా పెట్టుకోనండి," అన్నాడు వరహాలు. "తరవాత సూత్తాను. అమ్మాయిగారికి ఇబ్బంది అయితే సబ్బవరంలో ఇల్లు తీసుకుంటాం. అక్కణ్ణుంచి ఇద్దరికీ దగ్గరే."

భీమశంకరరావు అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు.

"మాకూ ఇలాంటి మాస్టారు ఒక్కరుంటే..." అని ఆగిపోయారు. మిగతాది మింగేసి, భార్య వైపు తిరిగి, "వీళ్లు భోజనానికి ఉంటారు," అన్నారు.

జ్యోతిర్మయి తల్లి అప్పటికే వచ్చే ఏడాది క్యాలెండరు తీసింది. "మాఘంలో మంచి ముహూర్తాలున్నాయి వదినగారూ."

"మాఘం కుదరదు," అన్నారు వరహాలు, జ్యోతిర్మయి ఒకేసారి.

అందరూ వాళ్ల వైపు తిరిగారు. వరహాలు చెవులు ఎర్రబడ్డాయి.

"పిల్లలకి మధ్యలో సెలవు పెట్టలేనండి," అన్నాడు.

"నా పుస్తకం సగంలో ఉంటుంది," అంది జ్యోతిర్మయి.

రామలక్ష్మమ్మ క్యాలెండరు అందుకుని, మాఘం, ఫాల్గుణం అని లెక్కపెడుతూ ఒక్కో నెలా తిప్పుతూ పోయింది. చదువు రాకపోయినా ఎర్రంకెలు ఆదివారాలని, పండగలని ఆమెకి తెలుసు. మే నెల దగ్గర ఆగి ఒక తేదీ మీద వేలు పెట్టింది.

"వైశాఖం. బళ్లకి సెలవులు. ఇంక ఏ వంకా నేదు గదా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ వంకా దొరకలేదు. జ్యోతిర్మయి పెన్సిలు తెచ్చి ఆ తేదీ చుట్టూ గుండ్రంగా గీసి, వంటింట్లోకి పరిగెత్తినంత పని చేసింది.